ఇంట్లో పడవ కట్టాలంటే: టేకా, వేగిసా, ప్లైవుడ్డా?

పడవ కట్టుకుందామని మనసులో పడ్డ రోజు నుంచి కనిపించినవాళ్లందరినీ నేను అడిగింది ఒకటే: ఏ కర్ర మంచిది? అందరూ టేకు అన్నారు. మన ఊళ్లలో ఇంకో మాట వినపడదు కదా, గుమ్మానికీ టేకే, మంచానికీ టేకే, పడవకీ టేకే. కాకినాడ దగ్గర కోరంగి వైపు పడవలు చెక్కిన ఒక పెద్ద మేస్త్రిగారు మాత్రం జవాబు చెప్పకుండా, "పనిలేనప్పుడు మీ పడవ ఎక్కడుంటుందండీ, నీళ్లలోనా, పాకలోనా?" అని అడిగారు. ప్రశ్న తప్పించుకుంటున్నారేమో అనుకున్నాను. పలకల పడవ కట్టించి, వేసవంతా పాకలో దాచి, జూన్‌లో కాలువలోకి దింపగానే అది జల్లెడలా కారినప్పుడు గానీ ఆయన ఏమడిగారో నాకు అర్థం కాలేదు.

కాబట్టి కర్రల సంగతి తర్వాత, ముందు ఆ ప్రశ్నే. నేను చెప్పేదంతా 12 అడుగుల పొడవు, అడుగు భాగం చదునుగా 3 అడుగుల వెడల్పు ఉండే చిన్న పడవ గురించి. కాలువ దాటడానికో, లంకలోకి వెళ్లి నాలుగు కొబ్బరి గెలలు తెచ్చుకోవడానికో, చెరువులో పిల్లల్ని తిప్పడానికో సరిపోయేది. సముద్రం మీదకెళ్లే నావ వేరే విద్య, మొదటి ప్రయత్నంగా దాని జోలికి పోవద్దు.

నీళ్లలో ఉండే పడవ, పాకలో ఉండే పడవ

కలప తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, అది కూడా పొడవునా దాదాపు ఏమీ ఉండదు, అంతా అడ్డంగానే. పలకల పడవ కారకుండా ఉండేది ఈ గుణం వల్లే. పలకకీ పలకకీ మధ్య సందులో నూలు కుక్కి, పైన నూనెలో కాచిన గుగ్గిలం పట్టిస్తారు, నీళ్లలో దింపాక రెండు మూడు రోజులు పలకలు ఊరి ఒకదాన్నొకటి గట్టిగా ఒత్తుకుంటాయి, దాంతో సందు మూసుకుంటుంది. ఏడాది పొడవునా నీళ్లలోనే ఉండే పడవకి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. ఒక పలక పాడైతే ఆ ఒక్కటి మార్చుకోవచ్చు, దానికి ఊళ్లో వడ్రంగి చాలు.

కానీ గోదావరి డెల్టాలో వేసవి వస్తే మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. పడవ ఒడ్డున పడి ఉంటుంది. మే నెల ఎండకి పలకలు ముడుచుకుపోయి సందుల్లోంచి వెలుతురు కనిపిస్తుంది. పాతవాళ్లు ఇందుకే పడవని చెరువులో ముంచి ఉంచేవాళ్లు, లేకపోతే తాటాకులు కప్పి రోజూ నీళ్లు కొట్టేవాళ్లు. నాకు అది తెలియదు. జాగ్రత్త చేస్తున్నాననుకుని రేకుల పాకలో పెట్టాను. రేకుల కింద మే నెల అంటే కుమ్మరి ఆవమే.

ప్లైవుడ్ పడవ లెక్క దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి అది ఉబ్బడం, ముడుచుకోవడం చాలా తక్కువ. నాలుగు నెలలు పాకలో ఉంచి ఐదో నెల దింపినా చుక్క కారదు. దాని శత్రువు ఎండ కాదు, ఎప్పటికీ ఆరని తడి. ఎక్కడో ఒక మేకు బొక్కలోంచి నీళ్లు పొరల మధ్యకి దూరితే పైకి ఏమీ తెలియకుండానే లోపల కుళ్లిపోతుంది. అందుకే ప్లైవుడ్ పడవని వాడుకుని ఒడ్డుకి లాగి బోర్లించాలి. అలా లాగడం కుదురుతుందా లేదా అన్నది బరువుని బట్టి ఉంటుంది, ఆ లెక్క ఒకసారి చూడండి.

పైన చెప్పిన సైజు పడవకి బయటి తొడుగు, అంటే అడుగు, రెండు పక్కలూ కలిపి, సుమారు 6 చదరపు మీటర్లు వస్తుంది. 20 మిల్లీమీటర్ల టేకు పలకలతో అయితే తొడుగు ఒక్కటే 78 కిలోలు. అదే మందం నల్లమద్దితో అయితే 100 దాటుతుంది. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో 25 కిలోలు. లోపలి చట్రం, బల్లలు, జిగురు అన్నీ కలుపుకుంటే ప్లైవుడ్ పడవ 50 కిలోల దగ్గర ఆగుతుంది, పలకల పడవ 120 దాటుతుంది. 50 కిలోలంటే ఇద్దరు ఎత్తి ఆటో ట్రాలీలో పడేయొచ్చు. 120 అంటే నలుగురు మనుషులూ ఒక పూటా.

బరువైతే మునుగుతుందేమో అని కొందరు భయపడతారు, దానికి భయపడక్కర్లేదు. ఈ సైజు పడవ ఒక సెంటీమీటరు దిగాలంటే దాదాపు 23 కిలోలు ఎక్కాలి. నలుగురు మనుషులు 260 కిలోలు, పడవ 50 కిలోలు అనుకుంటే 13, 14 సెంటీమీటర్లు దిగుతుంది. పలకల పడవైతే ఇంకో మూడు సెంటీమీటర్లు. పక్కలు ఒకటిన్నర అడుగు ఎత్తున్నప్పుడు ఆ మూడు సెంటీమీటర్లతో వచ్చే కష్టం ఏమీ లేదు. కష్టమంతా ఒడ్డున లాగేటప్పుడే.

కర్రలు, నాకు తెలిసినంతవరకు

టేకుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మోసం ఎక్కువ జరిగేది అక్కడే. టేకు గొప్పతనం గట్టితనంలో లేదు, నిజానికి మద్దీ తుమ్మా దానికన్నా గట్టివి. టేకులో ఉన్న నూనె వల్ల పురుగు తొందరగా పట్టదు, తడిసి ఆరినా అంతగా వంకర తిరగదు, పైగా ఉలికి, చిత్రికకి హాయిగా లొంగుతుంది. కానీ ఈ గుణాలన్నీ చేవకే, చుట్టూ ఉండే తెల్లటి లేత చెక్కకి కాదు. పదిహేను ఇరవై ఏళ్ల క్రితం పొలం గట్ల మీద నాటిన టేకు ఇప్పుడు బాగా కోతకొస్తోంది, దుంగ చూడ్డానికి బాగానే ఉంటుంది, కోస్తే సగం వరకు తెల్లచెక్కే. ఆ తెల్లచెక్కతో పడవ కడితే మామిడితో కట్టినట్టే, డబ్బు మాత్రం టేకు డబ్బు. పలక కొనేటప్పుడు రెండు అంచులూ చూడండి, అంచున తెల్లచార ఉంటే దాన్ని తీసేశాక ఎంత వెడల్పు మిగులుతుందో ఆ వెడల్పుకే డబ్బివ్వండి. వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే పక్క అడితికి, అంటే ఇంకో కలప డిపోకి వెళ్లండి.

అడితీల్లో బర్మా టేకు అని చెప్పి అమ్మేది కూడా అన్నిసార్లూ బర్మాది కాదు. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. ఒకప్పుడు కోరంగి రేవు నుంచి మనవాళ్లు బర్మాకి ఎంతమంది వెళ్లారంటే అక్కడ తెలుగువాళ్లందరినీ కోరంగీలు అనే పిలిచేవాళ్లు. ఆ పేరు మీద ఉన్న మోజే ఇంకా అమ్ముడుపోతోందని నా అనుమానం. ఆఫ్రికా నుంచి, దక్షిణ అమెరికా నుంచి వచ్చే తోట టేకు కూడా మార్కెట్లో ఉంది. అది చెడ్డదని కాదు, కానీ ఊరి పేరు చూసి కాదు, చేవ చూసి కొనాలి.

టేకు మీద డబ్బు పెట్టదలుచుకుంటే నా ఓటు పాత కలపకి. కోనసీమలో మండువా ఇళ్లు పడగొట్టినప్పుడు దూలాలు, వాసాలు, తలుపులు పాత కలప అమ్మేవాళ్ల దగ్గరికి చేరుతున్నాయి. యాభై అరవై ఏళ్లు ఇంటి కప్పు కింద ఆరిన టేకు అది, ఇంక ముడుచుకోవడానికి దాంట్లో ఏమీ మిగల్లేదు. కొత్త టేకు కంటే చవకగా కూడా దొరుకుతుంది. చిక్కల్లా మేకులతోనే. పైకి కనిపించని మేకు ఒక్కటి చాలు, కోతమిల్లులో బ్లేడు పోతుంది, ఆ బ్లేడు డబ్బులు మీ నెత్తినే పడతాయి. మంచి అయస్కాంతం ఒకటి దారానికి కట్టి దూలం నాలుగు వైపులా తిప్పండి, ఎక్కడ అది పక్కకి లాగుతుందో అక్కడ సుద్దముక్కతో గీత పెట్టండి. ఇంకోటి, దూలం గోడలో దాగి ఉన్న రెండు కొసల్నీ ఉలితో పొడిచి చూడండి, చెమ్మా చెదలూ మొదట పట్టేది అక్కడే. నేను ఒక దూలం రెండు వైపులా అడుగున్నర కోసి పారేయాల్సి వచ్చింది.

వేగిస మా వైపు తలుపులకీ బళ్లకీ వాడిన కర్ర. దీని గ్లాసులో రాత్రి నీళ్లు పోసి షుగరున్నవాళ్లు పొద్దున్నే తాగుతుంటారే, అదే. నీళ్లలో పెడితే గోధుమరంగు దిగి వెలుతురుకి నీలంగా మెరుస్తుంది, నకిలీ పట్టుకోవడానికి అదొక గుర్తు. టేకు కన్నా బరువు, పురుగుకి బాగానే తట్టుకుంటుంది. పలకల పడవకి టేకు తర్వాత నేను దీన్నే ఎంచుకుంటాను, కాకపోతే మంచి వెడల్పు పలకలు దొరకడం కష్టమైపోయింది. ఇంకో సంగతి, దీని రంగు దిగుతూనే ఉంటుంది, తెల్లబట్టలతో ఎక్కితే ఇంట్లో మాట పడతారు.

నల్లమద్ది, గుగ్గిలం కర్ర (సాల చెక్క), ఈ రెండూ బండబరువు, గట్టి. అడుగున వేసే దూలానికి, ఒడ్డుకి రాసుకునే చోట వేసే బద్దకి బ్రహ్మాండంగా పనికొస్తాయి. పలకలకి వద్దు. ముందు బొక్క వేయకుండా మేకు కొడితే చీలుతుంది, సరిగ్గా ఆరకపోతే మెలికలు తిరుగుతుంది.

పక్కటెముకల్లా నిలబెట్టే వంపు చెక్కలకి మాత్రం నల్లతుమ్మకి పోటీ లేదు. తుమ్మచెట్టు కొమ్మ పుట్టుకతోనే వంకర, ఆ వంకర వెంబడే నార నడుస్తుంది. తిన్నటి టేకు పలకని వంపుగా కోస్తే నార మధ్యలో తెగిపోయి అక్కడే విరుగుతుంది, తుమ్మకొమ్మ విరగదు. అందుకే పడవ మేస్త్రి తుమ్మచెట్టు చూసినప్పుడు దాంట్లో ఎన్ని వంపులున్నాయో లెక్కేస్తాడు, ఎన్ని అడుగుల కర్ర వస్తుందో కాదు. పడవ సైజు కాగితం మీద గీసి, వంపు అచ్చుని అట్టతో కత్తిరించి జేబులో పెట్టుకు తిరగండి, గట్టు మీద ఏ చెట్టు కొట్టేస్తున్నా ఆ అట్ట పెట్టి చూసుకోవచ్చు. నేను ఇలా నెలరోజులు తిరిగాను, జనం నాకేదో అయిందనుకున్నారు.

మామిడి చవక, వెడల్పు పలకలొస్తాయి, పని సులువు. ఉప్పునీళ్లలో అయితే ఏడాది కూడా గ్యారంటీ లేదు. మంచినీళ్ల చెరువులో, ఏటేటా తారు పూసుకుంటూ, నాలుగైదేళ్లు చాలనుకుంటే తప్పేం లేదు. కేరళవాళ్ల చుండన్ వళ్లాలకి, అంటే పందేల పాము పడవలకి వాడేది ఆంజిలి, మన పనసకి దగ్గర చుట్టం, తేలిక, మన్నిక రెండూ ఉన్న కర్ర. మన అడితీల్లో అది అంతగా కనిపించదు, దానికోసం కేరళ పరిగెత్తడం దండగ. పనస దొరికితే వాడుకోండి.

పడవంటే కాలువ అవతలికి వెళ్లడం మాత్రమే అయితే అసలు ఇవేవీ వద్దు, తాటిదోనె ఉంది. కొల్లేరులోనూ డెల్టా కాలవల్లోనూ ఎప్పటినుంచో వాడుతున్నదే. ముదురు తాడికి బయటి పెంకు ఇనుములా ఉంటుంది, లోపలంతా మెత్తటి పీచు, కాబట్టి తొలవడం తేలిక. వేరు దగ్గరి ఉబ్బు భాగం దానంతట అదే ముక్కులా మూసుకుని ఉంటుంది, రెండో కొసని చెక్కతోనో బంకమట్టితోనో మూస్తారు. ఒక్క మనిషి నిలబడి గడ వేసుకుంటూ పోవడానికి ఇంతకన్నా చవకైంది లేదు. అలవాటు లేనివాడు ఎక్కితే బోల్తా పడటం కూడా అంతే ఖాయం. రెండు దోనెలు పక్కపక్కన కట్టుకుంటే ఆ భయం చాలావరకు పోతుంది.

ప్లైవుడ్ కొనడం అనే పరీక్ష

ప్లైవుడ్ షీట్లని రాగితీగతో కుట్టి, కుట్టు మీద ఎపాక్సీ అనే జిగురు పట్టించి, తీగ పీకేసి, గాజు గుడ్డ (ఫైబర్‌గ్లాస్) పట్టీ అతికించే పద్ధతికి మంచి పేరు రావడానికి కారణం బ్రిటన్‌లో 1963లో వచ్చిన మిర్రర్ అనే చిన్న పడవ. 10 అడుగుల 10 అంగుళాలది, ఇంట్లో కట్టుకునే కిట్‌గా అమ్మారు, అలాంటివి 70 వేలకు పైగా తయారయ్యాయి. మనకి మాత్రం కుట్టుపడవ కొత్తేం కాదు, మన తీరంలో మసూలా పడవల్ని మేకు లేకుండా కొబ్బరితాడుతోనే పలకలు కుట్టి కట్టేవాళ్లు, కెరటం కొట్టినప్పుడు పడవ విరగకుండా సాగడానికి. ఆ కుట్టు పడవ బతికినంతకాలం ఉండాలి, ఈ కుట్టు జిగురు ఆరేదాకా ఉంటే చాలు, తేడా అంతే.

ఈ పద్ధతికి పెద్ద వడ్రం అక్కర్లేదు. జిగ్‌సా, డ్రిల్లు, సాండింగ్ మిషను, ఓపిక ఉంటే చాలు. నాలుగు షీట్లు, ఒకటిన్నర ఘనపుటడుగుల మంచి కర్ర సరిపోతాయి. పలకల పడవకైతే తొమ్మిది పది ఘనపుటడుగులు పట్టుకోవాలి, ఎందుకంటే అంగుళం పలక చిత్రిక పట్టేసరికి 20 మిల్లీమీటర్లే మిగులుతుంది, వంపు కోతలో ఇంకా పోతుంది.

అడగాల్సింది కేంద్ర ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ఐఎస్ 710 ప్రమాణానికి తగిన మెరైన్ ప్లైవుడ్. ఐఎస్ 303 వద్దు, అది వంటింటి అల్మరాలకి, దాంట్లో వాటర్‌ప్రూఫ్ అని చెప్పే రకం కూడా పడవ కోసం చేసింది కాదు. 710కి 72 గంటలు నీళ్లలో మరిగించే పరీక్ష ఉంది. షీటు మీద ఐఎస్ఐ గుర్తు, కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉంటాయి, ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. ముద్ర ఉంది కదా అని నేను ఒక షాపులో నమ్మి తెచ్చాను, ఒక్క వానాకాలానికి పక్క పలక మీద అప్పడంలా పొంగులొచ్చాయి. షాపువాళ్లు "మీరు సరిగ్గా వాడలేదు" అన్నారు. పడవని నీళ్లలో వాడటం కూడా తప్పేనట.

అందుకని ఇప్పుడు నేను ముందు ఒక్క షీటే కొంటాను. మూల నుంచి అరచెయ్యంత ముక్క కోసి, పాత గిన్నెలో నాలుగు గంటలు మరిగించి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, మళ్లీ నాలుగు గంటలు మరిగిస్తాను. తర్వాత పొరల మధ్య ఉలి పెట్టి లేపుతాను. జిగురు దగ్గర విడిపోతే పనికిరాదు, చెక్క చీలింది గానీ జిగురు వదల్లేదంటే వెళ్లి అదే లాటులో మిగతా మూడూ తెచ్చుకోవచ్చు. అంచుల్లో కనిపించే జిగురు గీత కూడా చూడండి, నల్లగా ముదురు గోధుమరంగులో ఉండాలి, తెల్లగా ఉంటే అనుమానించాలి. కాకపోతే రంగు కలిపిన జిగురుని కళ్లు పట్టుకోలేవు, గిన్నె పట్టుకుంటుంది.

ఇంకా రెండు చూసుకోవాలి. 6 మిల్లీమీటర్లలో మూడు పొరలది, ఐదు పొరలది రెండూ ఉంటాయి, ఐదు పొరలదే తీసుకోండి. అంచు చుట్టూ చూస్తే పొరల మధ్య చిన్న చిన్న సొరంగాలు కనిపిస్తాయి, అక్కడ లోపలి పొర అతుకులు కలవలేదన్నమాట. ఒకటో రెండో అయితే ఎపాక్సీతో నింపుకోవచ్చు, వరసగా ఉంటే వదిలేయండి. షీటు 8 అడుగులే కాబట్టి 12 అడుగుల పక్కకి అతుకు తప్పదు, వాలుగా చెక్కి అతికించాలి, వాలు మందానికి ఎనిమిది రెట్లు, అంటే 6 మిల్లీమీటర్లకి 48. మొదటిసారి చేతికి రాదు, పనికిరాని ముక్కల మీద రెండు సార్లు ప్రయత్నించండి.

ఎపాక్సీతో మన ఎండ ఆడుకుంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం డబ్బాలో కలిపిన జిగురు పది నిమిషాల్లో పొగలు కక్కి రాయి అయిపోవడం నేను చూశాను. తెల్లవారుజామున పని పెట్టుకోండి, కొంచెం కొంచెం కలపండి, కలపగానే వెడల్పాటి పళ్లెంలో పోయండి, కుప్పగా ఉంటేనే వేడెక్కేది. ముసురు పట్టిన రోజు అసలు ముట్టుకోవద్దు. చవక అని పాలిస్టర్ రెజిన్ అంటగడతారు, అది ఫైబర్ అచ్చులకి బాగుంటుంది, చెక్కని ఎక్కువకాలం పట్టుకోదు. టేకు మీద అతికించాలంటే ముందు ఎసిటోన్‌తో తుడవాలి, దాన్ని కాపాడే నూనే ఇక్కడ అడ్డం పడుతుంది. చివర్న పెయింటు తప్పనిసరి, ఎండకి ఎపాక్సీ తెల్లబారి పెళుసెక్కుతుంది.

అడితిలో లెక్క, ఊళ్లో చెట్టు

కోసిన పలకకి లెక్క సులువు: పొడవు అడుగుల్లో, వెడల్పు మందం అంగుళాల్లో, మూడూ గుణించి 144తో భాగించండి. 12 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు, అంగుళం మందం పలక ముప్పావు ఘనపుటడుగు. దుంగకి చుట్టుకొలతలో నాలుగోవంతు అంగుళాల్లో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, అడుగుల పొడవుతో గుణించి, మళ్లీ 144తోనే భాగిస్తారు. చుట్టుకొలత 36 అంగుళాలు, పొడవు 8 అడుగుల దుంగ నాలుగున్నర ఘనపుటడుగులు అవుతుంది. అసలు ఘనపరిమాణం 5.7 దాకా ఉంటుంది, అంటే కొలతలోనే ఐదోవంతు వదిలేశారు, బెరడు, కోత పొట్టు ఖాతాలోకి. అయినా చిన్న దుంగ కోయిస్తే తెల్లచెక్క తీసేసి చేతికొచ్చేది ఇంకా చాలా తక్కువ, అందుకని దుంగ ధరనీ పలక ధరనీ పక్కపక్కన పెట్టి దుంగ చవక అనుకోకండి. నేను ధరలు రాయడం లేదు, ఊరికో ధర, నెలకో ధర.

తడి సంగతి అడితివాళ్ల మాట మీద వదలొద్దు. పలక కొస కాదు, కొస నుంచి అడుగు లోపలికి ఒక ముక్క కోయించి, వంటింటి కాటా మీద తూచి, ఓవెన్లో సన్నటి వేడి మీద బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టండి. 230 గ్రాములది 200 దగ్గర ఆగితే 15 శాతం తడి ఉన్నట్టు. పలకల పడవకి అది పరవాలేదు, ఎపాక్సీ పట్టించే కర్రకి 12 లోపు ఉండాలి. పచ్చికర్ర తెచ్చుకుంటే అంగుళం మందానికి ఒక ఏడాది ఆగడం పాత లెక్క. నీడలో, పలకకీ పలకకీ మధ్య బద్దలు పెట్టి, కొసలకి పెయింటు పూసి ఉంచాలి.

సొంత పొలంలో చెట్టుందని మనమే కొట్టేసుకుందాం అనుకుంటే ఆగండి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి, టేకు లాంటి కర్రని రోడ్డెక్కించడానికి అటవీశాఖ ట్రాన్సిట్ పర్మిట్ కావాలి. సరుగుడు లాంటి కొన్ని తోట చెట్లకి మినహాయింపు ఉంది, మీ చెట్టు ఆ లిస్టులో ఉందో లేదో ఫారెస్టు ఆఫీసులో కనుక్కున్నాకే గొడ్డలి బయటికి తీయండి. అడితిలో కొన్నా బిల్లు పారేయొద్దు. కోరంగి వైపు మడ చెట్ల కర్ర చవకగా ఇస్తామని ఎవరైనా వస్తే దండం పెట్టి పంపేయండి, అది అభయారణ్యం, కేసు పడితే కొంప కొల్లేరే.

ఇంతకీ ఏది?

పాకలో పెట్టుకుని వారానికోసారి వాడేవాళ్లు, అపార్టుమెంటు పార్కింగులో కట్టుకుందామనుకునే హైదరాబాదు వాళ్లు, వడ్రం చేతకాని వాళ్లు, వీళ్లందరికీ ప్లైవుడ్డే, రెండో మాట లేదు. చట్రానికి పాత టేకు వాడండి, ఖర్చు అంతగా పెరగదు.

ఏడాదంతా మంచినీళ్లలో కట్టేసి ఉండే పడవైతే పలకలు, టేకు గానీ వేగిస గానీ, తుమ్మ వంపులు, రాగి మేకులు. దీన్ని మీరే చేయాలనుకోవద్దు, పక్కన ఒక మేస్త్రి ఉండాలి. రోజుకూలీ ఇచ్చి ఆయన చేస్తుంటే మీరు చెయ్యందించడం మంచి పద్ధతి, అలా ఒకటి కట్టాక రెండోది మీరు కట్టగలరు. తాళ్లరేవు వైపు ఆ పని తెలిసినవాళ్లు ఉన్నారు, ఫైబర్ బోట్లు వచ్చాక పని తగ్గిపోయి పిలిస్తే వచ్చేవాళ్లు.

ఉప్పుటేరుల్లో వాడేవాళ్ల పరిస్థితి వేరు. అక్కడ కర్ర తినే పురుగు ఉంది, పురుగంటారు గానీ అది ఆల్చిప్ప జాతిది, సూదిమొనంత బొక్కలోంచి దూరి లోపల సొరంగాలు తవ్వుతుంది, పైకి పడవ పెళ్లికూతురిలా ఉంటుంది. విశాఖ తీరంలో దీని మీద దశాబ్దాలుగా పరిశోధనలు చేశారు, ఏ కర్రకీ పూర్తి అభయం లేదు, టేకుకి కూడా. దానికి ఆరడం పడదు, అందుకే పడవని తరచూ ఒడ్డుకి లాగి ఎండబెట్టాలి, తారు పూయాలి. లాగాలి అంటే మళ్లీ తేలిక పడవే కావాలి కదా, కాబట్టి ఇక్కడ కూడా నా సలహా ప్లైవుడ్డే, కాకపోతే అడుగంతా గాజు గుడ్డ తొడగాలి, గీత పడ్డ ప్రతిసారీ వెంటనే పూడ్చాలి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సీఐఎఫ్‌టీ) వాళ్లు మందు పట్టించిన రబ్బరు చెక్కకి పైన ఫైబర్ తొడిగి పడవలు చేసి చూపించింది కూడా ఈ ఆలోచనతోనే. ఇత్తడి స్క్రూలు మాత్రం వాడకండి, ఉప్పునీళ్లకి ఇత్తడిలో జింకు కరిగిపోయి స్క్రూ గుల్లబారుతుంది, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి.

మోటారు పెడదామనుకునేవాళ్లు ముందే అనుకోండి, వెనక పలక రెట్టింపు మందం ఉండాలి, అదీగాక 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషను, తనిఖీ వస్తాయి. తెడ్డుతో సరిపెట్టుకుంటే ఆ టెన్షన్ చాలా తక్కువ. లైఫ్ జాకెట్లు మాత్రం ఎలాగైనా కొనాలి, మనిషికొకటి.

తెడ్లకి అడితి దాకా వెళ్లక్కర్లేదు. సరుగుడు బాదు ఒకటి తెచ్చుకుని, బెరడు తీసి, రెండు నెలలు నీడలో నిలబెట్టి ఆరబెట్టి, కొసన ప్లైవుడ్ మిగులు ముక్కని రెక్కలా బిగించండి. లోతు తక్కువ కాలువలో గడ మేలు, దానికి గట్టి వెదురు చాలు, బురదలో దిగబడకుండా కింది కణుపు దగ్గర ఒక కొయ్యముక్క అడ్డంగా కట్టుకోండి. మా ఇంట్లో పడవ కన్నా ముందు తయారైంది ఆ గడే, ఏడాది పాటు దాంతో మామిడికాయలు కోసుకున్నాం.